ఐదో అంశంలో ఖాళీ

ఆ రోజు పొద్దున వార్డు కార్యదర్శి గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి సభ జరిగినట్టు చేయాలి. పన్నెండింటికల్లా ప్రెసిడెంటు గారి చేత సంతకం పెట్టించాలి. ఒంటిగంటకి ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తిని, భార్యతో కలిసి రెండు గంటల బస్సెక్కాలి. సాయంత్రానికి కూతురి ఊళ్లో దిగి, పుట్టి పదకొండు రోజులైన మనవరాల్ని మొదటిసారి ఎత్తుకోవాలి. ఇందులో కష్టమైన ముక్క ఒక్కటీ లేదు. తొమ్మిదేళ్లుగా మూణ్ణెల్లకోసారి సభ జరిగినట్టు చేయడం ఆయనకి పళ్లు తోముకున్నంత అలవాటైన పని.

సభ అనగానే మీరేదేదో ఊహించుకోకండి. వార్డులో ఏ పని చేయాలన్నా ముందు అక్కడి జనం ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలనీ, కనీసం యాభై మంది రావాలనీ, అనుకున్నదంతా మినిట్స్ పుస్తకంలో రాయాలనీ రూలు. ఆ రూలు పెట్టినాయనెవరో గానీ చాలా మంచివాడై ఉంటాడు. జనం రారన్న చిన్న సంగతి ఆయనకి తట్టలేదు. మొట్టమొదటి సభకి మన కార్యదర్శి గారు ఎనభై కుర్చీలు వేయించి రెండు గంటలు గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటే వచ్చింది ఇద్దరు. అందులో ఒకాయన కుర్చీలు అద్దెకిచ్చినాయన. ఆ తర్వాత ఆయన కుర్చీలు వేయించడం మానేశారు, జనానికి కబురు పెట్టడమూ మానేశారు. సభకి రెండ్రోజుల ముందే ఇంట్లో కూర్చుని మినిట్స్ రాసేస్తారు. అటెండరు ఆ పుస్తకం చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించుకొస్తాడు. సభ రోజున ప్రెసిడెంటు గారూ తనూ ఖాళీ హాల్లో కాసేపు కూర్చుని, దులుపుకుని లేచి వచ్చేస్తారు.

అయితే ఏదో గిలికి పారేసే రకం కాదు ఆయన. రచయిత కావలసిన మనిషి, ఖర్మకాలి కార్యదర్శి అయ్యారు. ఆయన రాసే మినిట్స్‌లో ముసలాయన దగ్గుతాడు, ఎవరో మంచినీళ్లడుగుతారు, చప్పట్లు మోగుతాయి. ఒకసారి పై ఆఫీసు అధికారి ఆ పుస్తకం చూసి, మార్జిన్‌లో "మినిట్స్‌లో జీవకళ ఉట్టిపడుతోంది" అని ఎర్ర సిరాతో రాశాడు. కార్యదర్శి గారు ఆ పేజీని జిరాక్స్ తీయించి బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకున్నారు. బీరువా తీసినప్పుడల్లా ఒకసారి చదువుకోందే చొక్కా తీసుకోరు.

ఆ రోజూ చదువుకుని, చొక్కా తీసుకుంటుండగా భార్య సంచీ సర్దుతూ పిలిచింది.

"ఏమండీ, చూడండి ఎంత ముద్దుగా కుట్టిందో టైలరమ్మ!"

అరచేతంత తెల్ల చొక్కా. అంచులకి ఎర్రదారంతో సన్నటి కుట్టు. కార్యదర్శి గారు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూసి, నలగకుండా మడిచి సంచీలో పెట్టారు. ఒక్కగానొక్క కూతురు. ఆమెకి పెళ్లైన ఎనిమిదేళ్లకి పుట్టిన పిల్ల. ఫోటోలో చూడటమే గానీ ఇంకా చేత్తో తాకలేదు.

"ఇవాళ ఆలస్యం చేయకండీ మీరు. ఆ బస్సు పోతే ఇంక నేను ఒక్కదాన్నే పోతా," అంది ఆవిడ.

"ఆలస్యమెందుకవుతుందే? అంతా రాసి పెట్టే ఉంది."

"అన్నట్టు, నిన్న చొక్కా ఇస్తూ టైలరమ్మ, 'సారు రేపు సభలో ఉంటారుగా?' అని అడిగింది. ఉంటారన్నాను."

"ఊఁ?"

"'పాపం' అంది."

"పాపం ఏంటి?"

"ఏమో! ఇంకేం చెప్పలేదు. తలుపేసుకుంది."

కార్యదర్శి గారు నవ్వేసి చెప్పులేసుకున్నారు. గుమ్మం దిగాక ఆ మాట ఒకసారి గుర్తొచ్చింది. టైలరమ్మ సభ సంగతి అడగడమే తొమ్మిదేళ్లలో ఇది మొదటిసారని అప్పటికి ఆయనకి తట్టలేదు.

ఆఫీసులో అటెండరు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. అటెండరు మూడో వీధి మనిషి. నోరు మూసుకుని ఉండటం చేతకానివాడు. సంతకాలకి వెళ్లొచ్చిన ప్రతిసారీ ఎవరు తలుపు తీయలేదో, ఎవరి కుక్క మీదికొచ్చిందో గంటసేపు చెప్తాడు. ఈసారి ఏమీ చెప్పలేదు.

"ఏమయ్యా, నిన్న పొద్దున పోయినవాడివి చీకటిపడేదాకా రాలేదట?"

"సంతకాలన్నీ వచ్చాయండి. అరవై రెండు."

"అరవై రెండా! ఎప్పుడూ యాభైకే నీకు ఆయాసం వస్తుంది కదయ్యా?"

అటెండరు గోడకేసి చూశాడు. కార్యదర్శి గారు పుస్తకం తెరిస్తే ఏడో పేజీలో ఒక ఎర్రదారప్పోగు కనిపించింది. ఊది పారేశారు. పుస్తకం నుంచి కుట్టుమిషన్ నూనె వాసన వస్తోంది.

"మరి ఐదో అంశం? ఆ ఖాళీ నింపాలి. ఈ మూణ్ణెల్లలో మన వార్డులో ఎవరన్నా పోయారా?"

ప్రతి సభలోనూ ఒక సంతాప తీర్మానం ఉండటం ఆయన పద్ధతి. పై ఆఫీసువాళ్లకి అది బాగా నచ్చుతుంది. పేరు చోట గీత గీసి వదిలేసి, సభ నాడు కనుక్కుని రాస్తారు.

"ఎవరూ పోలేదండి," అన్నాడు అటెండరు. "ఈసారి ఒక్కరూ పోలేదు."

"పదిహేను వందల మందిలో ఒక్కరూ పోలేదా? ఇదేం వార్డయ్యా! సర్లే, సభ మొదలయ్యేలోపు ఎవరన్నా పోతే చెప్పు, రాసేద్దాం."

అటెండరు తలూపి, "చెప్తానండి," అన్నాడు.

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా కార్యదర్శి గారు పుస్తకం పట్టుకుని వెనకనున్న సభా హాలు తలుపు తోశారు. తోసి, గడప మీదే ఆగిపోయారు.

హాలు నిండా జనం.

ఎప్పుడూ మూలన ఒకదానిలో ఒకటి దూర్చి పేర్చి ఉండే కుర్చీలన్నీ బారులుగా వేసి ఉన్నాయి. చివరి వరసలో ఒక్కటి తప్ప ప్రతి కుర్చీలోనూ ఒక మనిషి. అందరూ స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. ఒక్కరూ దగ్గడం లేదు. పాత ఫ్యాను మాత్రం కిర్రు కిర్రుమని తిరుగుతోంది. ఆయన లోపలికి ఒక అడుగు వేస్తే అరవై తలలూ ఆయన వైపు తిరిగాయి. ఇంకో అడుగు వేస్తే ఇంకొంచెం తిరిగాయి.

"ఏంటి... ఏం కావాలి మీకందరికీ?" అన్నారు కార్యదర్శి గారు.

ముందు వరసలో కూర్చున్న టైలరమ్మ, "సభకొచ్చాం సార్," అంది.

ఈలోపు ప్రెసిడెంటు గారు నల్లద్దాలతో దిగారు. జనాన్ని చూసి ఛాతీ ఉబ్బించి, "చూశారా కార్యదర్శి గారూ, మనం పిలవకపోయినా ఎలా వచ్చారో! అదీ అభిమానం అంటే," అని తన కుర్చీలో వెనక్కి వాలారు. ప్రెసిడెంటు గారికి సభలో కూర్చోగానే నిద్ర వచ్చే జబ్బుంది. మధ్యమధ్య ఉలిక్కిపడి లేచి "ఏకగ్రీవమేనా?" అంటారు, ఔనంటే మళ్లీ పడుకుంటారు. తొమ్మిదేళ్ల ప్రజాసేవలో ఆయన సభలో అన్న మాట ఇదొక్కటే.

సరే, వచ్చారు, ఇప్పుడేం చేయాలి? జనం ఉన్న సభ ఎలా నడపాలో కార్యదర్శి గారికి తెలీదు. చేతిలో పుస్తకం ఉంది గనక తెరిచి, "మొదటి అంశం, వీధి దీపాలు," అన్నారు.

రెండో వరసలోంచి పాత పోస్టుమ్యాన్ లేచాడు. రిటైరై పదేళ్లైనా ఖాకీ చొక్కా వదలని ముసలాయన. ముమ్మారు దగ్గి, గొంతు సవరించుకుని ఇలా అన్నాడు: "అధ్యక్షా! మన వీధి దీపాలు సూర్యుడికి పోటీగా పగలు వెలిగి, చీకటికి భయపడి రాత్రి ఆరిపోతున్నాయి. ఇదెక్కడి న్యాయం?"

చప్పట్లు. సరిగ్గా మూడుసార్లు కొట్టి, అందరూ ఒకేసారి ఆపేశారు.

కార్యదర్శి గారు పుస్తకంలోకి చూశారు. "ఒక వృద్ధ సభ్యుడు ముమ్మారు దగ్గి, లేచి..." అంటూ అదే మాట, ఆ సూర్యుడితో సహా, తన చేతిరాతలో ఉంది. ఆ ముక్క రాసినప్పుడు తనకి తానే భుజం తట్టుకున్నారు కూడా. సరే, ముసలాయన కదా, ఎక్కడో విని ఉంటాడనుకున్నారు. ఎక్కడ వింటాడు? ఆ ప్రశ్నని అక్కడే వదిలేసి గబగబా రెండో అంశంలోకి వెళ్లారు.

"మురిక్కాలవలు," అని నోరు మూసేలోపే తలుపు తెరుచుకుంది. గడియారాలు బాగుచేసే ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో గొడుగు. ఆ గొడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. భుజాలు తడిసిపోయి ఉన్నాయి. బయట ఎండ మండిపోతోంది. వానచుక్క పడి నెల దాటింది.

"వాన వల్ల ఆలస్యమైంది, సభ వారు మన్నించాలి," అన్నాడాయన. అని, చివరి వరసలో ఖాళీగా ఉంచిన ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. గొడుగు నుంచి ఒక్కో చుక్కా నేల మీద పడుతున్న చప్పుడు హాలంతా వినిపించింది.

కార్యదర్శి గారు రెండో అంశం మీద వేలు పెట్టి చూసుకున్నారు. ఈపాటికి వానలు మొదలవుతాయి కదా అని రెండ్రోజుల క్రితం ఆ గొడుగు రాసింది తనే. కళ్లద్దాలు తుడుచుకుని కిటికీలోంచి బయటికి చూశారు. ఎండే. మళ్లీ గొడుగు చూశారు. తడే.

ఇంక మూడో అంశం చదవడానికి నోరు రాలేదు. ఎందుకంటే అందులో ఏముందో ఆయనకి తెలుసు. చదవకుండా నిలబడ్డారు. కానీ మూడో వరసలో ఒక తల్లి ఒళ్లో ఉన్న చంటిపిల్ల, ఆయన చదవకుండానే, కెవ్వుమంది. తల్లి పిల్లని ఎత్తుకుని లేచింది. వెంటనే హాల్లోని అరవై మందీ ఒకే గొంతుతో, ఒకే వేగంతో, "కూర్చో తల్లీ! బిడ్డ ఏడుపు కూడా ప్రజల గొంతే!" అన్నారు.

తల్లి కూర్చుంది. పిల్ల ఊరుకుంది.

"ఏకగ్రీవమేనా?" అని ప్రెసిడెంటు గారు లేచారు.

"ఏకగ్రీవమే!" అన్నారు జనం. ఆయన పడుకున్నారు.

కార్యదర్శి గారి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒకటి నిజమైంది, రెండు నిజమైంది, మూడు నిజమైంది. నాలుగో అంశంలో, రోడ్డు మీద గోతుల గురించి చర్చ జరుగుతుండగా, కాస్త రక్తి కట్టడానికి, కరెంటు పోయిందని రాశారు. "దీపాలారిపోయి, ఫ్యాను నిలిచిపోయినా సభ్యులెవరూ కదలలేదు" అని. ఇది మాత్రం ఎవరూ చేయలేరు కదా! ఆయనకి కాస్త ధైర్యం వచ్చింది. కావాలనే గొంతు పెంచి, "నాలుగో అంశం! రోడ్డు మీద గోతులు!" అని చదివారు.

ఫ్యాను ఆగిపోయింది.

కిర్రుమంటూ ఒక చుట్టు, ఇంకో అర చుట్టు తిరిగి ఆగింది. తలుపులు, ఎండ రాకుండా సగం కిటికీలు మూసి ఉండటంతో హాలు మసకబారింది. ఆ మసకలో వెనక వరసల ముఖాలు కనపడటం లేదు, కళ్లే కనపడుతున్నాయి. సభ్యులెవరూ కదలలేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, నాలుగు తర్వాత ఐదు వస్తుందని.

పేజీ తిప్పి, పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదువుకున్నారు. "ఈ వార్డుకు సుదీర్ఘకాలం సేవ చేసి, విధి నిర్వహణలో ఉండగానే, కలం పట్టిన చేతితోనే హఠాత్తుగా తనువు చాలించిన శ్రీ __________ గారి మృతికి సభ తీవ్ర సంతాపం తెలియజేస్తూ, సభ్యులందరూ లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించడమైనది."

ఆ వాక్యం అర్జీలు రాసే ముసలాయన పోయినప్పుడు రాసింది. బాగుందని ఈసారీ దించేశారు. ఇప్పుడు చదువుతుంటే ఒక్కో ముక్కా వచ్చి గుండెకి గుచ్చుకుంది. సుదీర్ఘకాలం సేవ. విధి నిర్వహణ. కలం పట్టిన చేయి. ఆయన తన కుడిచేతికేసి చూసుకున్నారు. చేతిలో కలం ఉంది.

"అమ్మో!" అని కలం కింద పడేశారు.

అది దొర్లుకుంటూ వెళ్లి రెండో వరస దగ్గర ఆగింది. పాత పోస్టుమ్యాన్ నెమ్మదిగా వంగి, దాన్ని తీసి, నడుచుకుంటూ వచ్చి ఆయన చేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"మీ కలం, సార్," అన్నాడు.

"ఏమయ్యా!" అని కార్యదర్శి గారు పక్కనున్న అటెండరు చేయి పట్టుకుని చెవిలో అన్నారు. "ఎవరన్నా పోయారా? కనుక్కున్నావా? ఈ గంటలో ఎవరన్నా?"

"లేదండి. అందరూ ఇక్కడే ఉన్నారు. బతికే ఉన్నారు."

"ఎవరో ఒకరు ఉండరా! మంచం పట్టినవాళ్లు?"

"ఉన్న ఒక్క ముసలమ్మా నిన్నే లేచి కూర్చుందండి."

ఏదో ఒక పేరు రాసేస్తే? కానీ ఎవరిది? రాసింది రాసినట్టు జరుగుతోంది. ప్రెసిడెంటు గారికేసి చూశారు. నోరు తెరుచుకుని, నిశ్చింతగా, ఎటూ సగం పోయినట్టే ఉన్నారు. కలం ఒక అంగుళం కదిలింది. ఛీ ఛీ, అంత పాపం నా వల్ల కాదనుకున్నారు. పోనీ ఇదివరకే పోయినవాళ్ల పేరు? వాళ్లందరి పేర్లూ ఇదే పుస్తకంలో వెనక పేజీల్లో ఉన్నాయి, ఒక మనిషి ఒకే పుస్తకంలో రెండుసార్లు పోతే ఆడిట్‌లో దొరికిపోతారు. పేజీ చింపేయాలంటే ప్రతి పేజీకీ నంబరు, సీలు ఉన్నాయి. ఆ సీలు వేసింది కూడా తనే.

పారిపోదామని తలుపు వైపు నాలుగడుగులు వేశారు. తలుపు ముందు గడియారాలాయన తడి గొడుగుతో అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఇంకా ఉంది కదండీ," అన్నాడు మర్యాదగా.

వెనక్కి తిరిగేసరికి కుర్చీలన్నీ ఒకేసారి కదిలిన చప్పుడైంది. అరవై మందీ లేచి నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు, ఐదో అంశమని ఆయన చదవనూ లేదు. లేచి, చేతులు కట్టుకుని, ఆయన వైపు చూస్తూ మౌనంగా నిలబడ్డారు. కొందరి కళ్లలో జాలి కూడా ఉంది. టైలరమ్మ ముఖం చూస్తే పొద్దున భార్య చెప్పిన "పాపం" చెవిలో మోగింది.

రెండు నిమిషాలు. మొదటి నిమిషంలో గుండె దడదడలాడింది. ఎడమచేయి లాగుతున్నట్టనిపించింది. ఆ వెంటనే కుడిచేయి కూడా లాగుతున్నట్టనిపించింది. రెండో నిమిషంలో ఆ తెల్ల చొక్కా కళ్ల ముందు కదిలింది. అది తొడుక్కునే పిల్ల ఒళ్లు ఎంత మెత్తగా ఉంటుందో కూడా తెలీకుండా, ఈ ఫ్యాను తిరగని హాల్లో, తను రాసిన అబద్ధంలో తనే పడి పోవాలా? ఆయనకి ఏడుపొచ్చేసింది.

"వద్దు!" అని అరిచారు. "కూర్చోండి! అందరూ కూర్చోండి! ఇదంతా అబద్ధం! ఈ సభ జరగలేదు, అంటే ఇప్పుడు జరుగుతోంది గానీ, నేను రాసిన సభ జరగలేదు! మొన్న ఇంట్లో కూర్చుని రాశాను! దగ్గు నేనే రాశాను, గొడుగు నేనే రాశాను! తొమ్మిదేళ్లుగా అన్నీ నేనే రాశాను! మీరెవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు! నేను పోవడానికి వీల్లేదు బాబూ, నేనింకా నా మనవరాల్ని చూడలేదు!"

ఎవరూ కూర్చోలేదు. టైలరమ్మ ఒక అడుగు ముందుకేసింది.

"మీరు పోవడమేంటి సార్?"

"ఐదో అంశం! ఆ ఖాళీ!"

"అందులో పేరు లేదుగా. ఎవరికోసమో తెలీక, మౌనం అని రాశారు కదాని నిలబడ్డాం."

"మీకెలా తెలుసు అందులో ఏముందో?"

"చదివాం," అంది టైలరమ్మ. "నిన్న అటెండరన్నయ్య సంతకానికి వచ్చినప్పుడు నేను మీ మనవరాలి చొక్కాకి కుట్టు వేస్తున్నాను. చదివాక పెడతానన్నాను. ఆయన గంటసేపు బతిమాలాడు, ఇంతవరకూ ఎవరూ చదవలేదట. నేను చదివాను. చదివి కుళాయి దగ్గరికి పట్టుకెళ్లి అందరికీ వినిపించాను. మా చేత ఎంత మంచి మాటలనిపించారు సార్! మేమంత బాగా మాట్లాడలేం. అందుకే రాత్రంతా బట్టీ పట్టాం."

"ఎందుకు తల్లీ? ఎందుకిలా నా ప్రాణాలు తీశారు?"

పాత పోస్టుమ్యాన్ ముందుకొచ్చి పేజీ తిప్పి చూపించాడు. "ఇదిగో, ఈ ఆరో అంశం కోసం."

కార్యదర్శి గారు ఆరో అంశం మరిచేపోయారు. "మూడో వీధి చివర మంచినీళ్ల కుళాయిని ప్రజలెవరూ వాడటం లేదు గనక, సభ్యులు చేతులెత్తి ఏకగ్రీవంగా కోరిన మీదట దానిని తొలగించడమైనది." ప్రెసిడెంటు గారు అక్కడ కొత్తగా షాపులు కట్టారు. వాటి ముందు బిందెల వరస ఉంటే బాగుండదని ఆయన ఒక మాట అంటే ఈయన ఒక వాక్యం రాసేశారు. పెద్దగా ఆలోచించలేదు.

"నలభై ఇళ్లవాళ్లం ఆ నీళ్లే తాగుతున్నాం," అంది చంటిపిల్ల తల్లి. "అది పోతే రైలు పట్టాలు దాటి వెళ్లాలి. దీన్నెత్తుకుని బిందెతో పట్టాలు దాటనా?"

"సంతకం పెట్టనంటే ఇంకో వీధిలో పెట్టించుకుంటారు. పెట్టి, ఇది అబద్ధమని పై ఆఫీసుకి మొరపెట్టుకుంటే, మీ సంతకాలున్నాయిగా అంటారు," అన్నాడు పోస్టుమ్యాన్. "అందుకని నేనే చెప్పాను. అందులో ఉన్నదంతా అక్షరం పొల్లు పోకుండా మనమే చేసి చూపిద్దాం, ఆరో అంశం దగ్గర మాత్రం చెయ్యెత్తం, అప్పుడు అదొక్కటే అబద్ధమని ఎవరికైనా తెలుస్తుంది అని. ఈలోపు మీరే ఏడ్చేశారు."

"ఒక్క మాట నాతో అంటే నేనే తీసేసేవాణ్ణి కదమ్మా!" అన్నారు కార్యదర్శి గారు.

"సభ ఎప్పుడో, ఎక్కడో మీరు మాకెప్పుడన్నా చెప్పారా సార్?" అంది టైలరమ్మ.

ఆయన ముఖం తుడుచుకుని, "ఐదో అంశం కొట్టేస్తాను, ముందది కొట్టేయనివ్వండి," అన్నారు. ఎన్ని కారణాలు విన్నా ఆ ఖాళీ అలా నోరు తెరుచుకుని ఉండటం ఆయనకి నచ్చలేదు.

"పుస్తకంలో రాసింది కొట్టేయాలంటే సభ ఒప్పుకోవాలి కదండీ," అన్నాడు అటెండరు. పాతికేళ్లు గుమ్మం దగ్గర నిలబడి రూళ్లన్నీ విన్నవాడు.

"అవును. ఒప్పుకోండి మరి! చేతులెత్తండి!"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఐదు కొట్టేయాలంటే ఆరూ కొట్టేయాలి," అంది టైలరమ్మ.

"ప్రెసిడెంటు గారు నన్ను చంపేస్తారమ్మా."

"అలాగైతే ఐదో అంశం ఉంచేద్దాం సార్. పనికొస్తుంది."

కార్యదర్శి గారు నిద్రపోతున్న ప్రెసిడెంటు గారిని చూశారు, ఖాళీని చూశారు, గడియారం చూశారు. ఒంటిగంట దాటింది. "ఐదు, ఆరు అంశాలు కొట్టివేతకు సభ ఆమోదం ఉందా?" అని జీవితంలో మొదటిసారి, సమాధానం తెలీకుండా, ఒక ప్రశ్న అడిగారు.

అరవై చేతులు లేచాయి. ఒక చెయ్యి తడి గొడుగుతో సహా లేచింది. ఆ అలికిడికి ప్రెసిడెంటు గారు ఉలిక్కిపడి లేచి, "ఏకగ్రీవమేనా?" అన్నారు.

"ఏకగ్రీవమే!" అంది హాలంతా. ఆయన ఎప్పటిలాగే అద్దాలు తీయకుండా, చదవకుండా సంతకం పెట్టి, ఆవలించి, కారెక్కి వెళ్లిపోయారు. దేనికి పెట్టారో తెలియడానికి ఆయనకి వారం పట్టింది.

జనం మాత్రం కదలలేదు. ఇంక వాళ్ల సొంత మాటలు మొదలయ్యాయి. కుళాయికి నీళ్లు రోజూ వదలాలన్నారు. సభకి నాలుగు రోజుల ముందు వీధి వీధికీ చెప్పాలన్నారు. ఒకరిమాట మీద ఒకరు పడ్డారు, గడియారాలాయనా ఇంకొకాయనా మురిక్కాలవ ఎవరి గుమ్మం ముందు పొంగుతోందో తేల్చుకోలేక ఇంచుమించు కొట్టుకున్నారు. చంటిపిల్ల నిజంగా ఏడిచింది. ఈసారి ఎవరూ ప్రజల గొంతనలేదు, "అబ్బా, కాస్త బయటికి తీసుకెళ్లమ్మా," అన్నారు. కార్యదర్శి గారు చేయి నొప్పెట్టేలా రాశారు. పదకొండు పేజీలైంది. అందంగా ఒక్క వాక్యమూ రాలేదు.

అందరూ లేస్తుండగా ఫ్యాను కిర్రుమని మళ్లీ తిరిగింది. ఆయనకి నవ్వొచ్చింది.

"గొడుగు బాగా చేశారయ్యా. కుళాయి కింద పెట్టారా? పిల్లనెలా ఏడిపించారు?"

"పాలసీసా లాగేశాను," అంది తల్లి సిగ్గుపడుతూ.

"భలే! మరి కరెంటు సరిగ్గా టైముకి ఎవరు తీశారు?"

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"అది మేం కాదు సార్," అంది టైలరమ్మ. "మీరు చదవగానే పోతే, మీరే తీయించారనుకున్నాం. మాకూ భయమేసింది."

"కరెంటు మెయిన్ ఉన్న గదికి తాళం ఉందండీ," అన్నాడు అటెండరు. "తాళంచెవి మీ దగ్గరే."

కార్యదర్శి గారు జేబు తడుముకున్నారు. తాళంచెవి ఉంది. కలం తీసి, అప్పటికే కొట్టేసిన ఐదో అంశం మీద అడ్డంగా ఇంకో రెండు గీతలు గీశారు.

రెండు గంటల బస్సు పోయింది. భార్య అన్నంత పనీ చేసి ఒక్కతే వెళ్లిపోయింది. నాలుగింటి బస్సులో ఆయన ఒంటరిగా వెళ్లి, కూతురింట్లో చేతులు మూడుసార్లు కడుక్కుని మనవరాల్ని ఎత్తుకున్నారు. ఎర్రదారం అంచు చొక్కాలో ఆ పిల్ల ఆయన్ని చూసి గుక్కపట్టి ఏడిచింది. ఆయన కూడా ఏడ్చారు. ఆ ఏడుపు ఎంతసేపు సాగిందో ఏ పుస్తకంలోనూ రాయలేదు.

ఇరవై రోజులకి పై ఆఫీసు నుంచి పుస్తకం తిరిగొచ్చింది. మూడో వీధి కుళాయి ఉంచేశారు. మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఇలా ఉంది: "తీర్మానాలు ఆమోదించడమైనది. అయితే ఈసారి మినిట్స్ బొత్తిగా నమ్మేటట్టు లేవు. ఇకమీదట కార్యదర్శి కల్పించి రాయడం మాని, ఎప్పటిలాగే జరిగింది జరిగినట్టు రాయవలెను."